నాకేం తెలియదన్న అన్నయ్య

మొదట నేలపాలైంది ఒక గ్లాసు టీ. కువైట్‌లో, అర్దియాలోని మామా ఇంట్లో పనికి చేరి అప్పటికి రెండేళ్ళు. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనే పిలుస్తాం. ఆ ఉదయం టీ పట్టుకుని వంటింట్లోంచి బయలుదేరాను. చూస్తే టీ నేలమీద ఉంది, నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నిద్ర చాలలేదేమో అనుకుని తుడిచేశాను.

రెండు వారాల తర్వాత హవల్లీలో పడిపోయాను. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి మా ప్రార్థన ఆ రోజే. హవల్లీ పేటలోని ఒక ఫ్లాట్‌లో గోదావరి జిల్లాలవాళ్ళం ముప్పై నలభై మందిమి కూడేవాళ్ళం. నడిపేది శామ్యూల్ అన్నయ్య. ఆయన మామా తమ్ముడింట్లో డ్రైవరు. నన్ను ఈ ఇంట్లో పెట్టించిందీ, శుక్రవారాలు కారులో తీసుకెళ్ళి దింపేదీ ఆయనే. ఆ ఏడు ‘శిష్యత్వం’ అని క్లాసు మొదలుపెట్టి అందరికీ నోటుబుక్కులు ఇచ్చాడు.

“శిష్యుడన్నాక ఊరికే అయిపోడమ్మా, వెల కట్టాలి. ఉజ్జోగం పోయినా సరే, నిజం చెప్పేవోడే శిష్యుడు” అన్నాడు ఆ రోజు. ఆ మాట ఎర్ర ఇంకుతో రాసుకుంటున్నాను. కళ్ళు తెరిచేసరికి నోట్లో రక్తం, నాలుక కొరుక్కున్నాను. చుట్టూ తలలు. ఒకావిడ తన పిల్లాణ్ణి దూరంగా లాక్కుంది. “దయ్యమేమోనే” అని ఎవరో గొణిగారు.

అన్నయ్యే నన్ను క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. సీటీ స్కాన్ నార్మల్. ఈఈజీలో తేడా ఉంది. డాక్టరు హిందీలో మెల్లగా చెప్పాడు, అన్నయ్య నా పక్కనే కూర్చుని విన్నాడు. “ఇది ఎపిలెప్సీ. ఫిట్స్. భయపడొద్దు, మందులతో కంట్రోల్ అవుతుంది. టాబ్లెట్ రెండు పూటలా, ఒక్కటి కూడా మిస్ కాకూడదు. ఒంటరిగా పొయ్యి దగ్గర ఉండొద్దు. పిల్లల్ని ఎత్తుకోవద్దు, మెట్లమీద అసలే వద్దు.”

నా పనే పిల్లను ఎత్తుకోవడం. మామా కూతురు నూరాకి అప్పుడు పది నెలలు.

కారులో అడిగాను. “అన్నయ్యా, మామాకి చెప్పేద్దామా?”

“ఇప్పుడొద్దు చెల్లీ. పార్దన చేత్తన్నాం కదా. చెప్తే ఇంటికి పంపేత్తారు. నిన్ను పెట్టించింది నేను, నా మాట కూడా పోద్ది.”

దిగేటప్పుడు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆయన మాట పోవడం సంగతి నాకు ఆ ప్రార్థన కంటే గట్టిగా వినిపించింది. అయినా నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదే, ఎవరిమీదకీ తోయను.

టాబ్లెట్లు దిండు గలీబులో దాచేదాన్ని. మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే మామా నా గదిలోనే ఉండిపోవడంతో వేసుకోలేకపోయాను. మధ్యాహ్నం నూరాని ఎత్తుకుని మెట్లెక్కుతున్నాను. తెలివొచ్చేసరికి మెట్టుమీద కూలబడి ఉన్నాను. పాల సీసా కింద హాల్లో దొర్లుతోంది. నూరా నా ఒళ్ళోనే ఉంది, నా తలగుడ్డ రెండు పిడికిళ్ళతో పట్టుకుని నవ్వుతోంది. పిల్లని అలాగే పట్టుకుని, కూర్చునే ఒక్కో మెట్టూ దిగాను.

వెంటనే వెళ్ళి మామాకి అంతా చెప్పేశాను. ఆమె ముందు నా చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. కోప్పడుతుందనుకున్నాను గానీ, “మందులతో తగ్గుతుందన్నాడా డాక్టరు?” అని అడిగింది. “నిన్ను తెచ్చింది మా తమ్ముడి డ్రైవరు కదా, అతన్ని పిలుస్తాను. నువ్వు చెప్పింది నిజమేనని అతనంటే, పిల్లకి వేరే మనిషిని పెట్టుకుంటాను. నువ్వు బట్టల పని చూసుకుందువుగాని” అంది.

నా గుండె కుదుటపడింది. డాక్టరు మాట విన్న మనిషి అన్నయ్యే కదా.

ఆయన వచ్చి హాల్లో నిలబడ్డాడు. “ఈమె జబ్బు సంగతి నీకు తెలుసా?” అంది మామా. అన్నయ్య నావైపు చూడలేదు. తివాచీ వైపు చూశాడు.

“మా అద్రీ” అన్నాడు. అరబ్బీలో, తెలియదని.

మామా మళ్ళీ అడిగింది. “నాకేం తెలియదు, ఇప్పుడే వింటున్నా” అన్నాడు.

గురువెవరో తెలియదని శిష్యుడు మూడుసార్లు బొంకితే కోడి కూసిన పాఠం మాకు చెప్పింది ఆయనే, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. క్లినిక్ కాగితాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి, నా దగ్గరున్న టాబ్లెట్లు చూపించినా డాక్టరు మాటలన్నీ నా కట్టుకథలే అనుకుంది మామా. “ఖలాస్” అంది. అయిపోయిందని అర్థం. నాలుగు రోజుల్లో పాస్‌పోర్టు నా చేతిలో పెట్టారు.

వెళ్ళేముందు హవల్లీ ఫ్లాట్‌కి ఫోన్ చేశాను. ఒక అక్క ఎత్తింది. “నిజం చెప్పమన్నారని అంత తొందరపడతావేంటే? అన్నయ్యగారికెంత ఇబ్బందో చూడు” అంది. అప్పుడు ఏడ్చాను. ఒక్క మనిషి భయపడ్డాడనుకుంటే ఓర్చుకుందును. అందరూ కలిసి నన్ను నట్టేట్లో వదిలేశారు, ఆ నోటుబుక్కులు మాత్రం దగ్గర పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక కాకినాడలో డాక్టరమ్మ డోసు మార్చింది. మొదటి ఏడాది రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఇప్పటికి ఆరేళ్ళుగా రాలేదు. “ఇక పిల్లల్ని ఎత్తుకోవచ్చు, టాబ్లెట్ మాత్రం మానకు” అని డాక్టరమ్మ అన్నాక మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరాను. మొదటి రోజే టీచరుగారికి చెప్పాను: “నేను పడితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి.” ఆవిడ “అంతేనా, రాసుకుంటానుండు” అని గోడమీది కేలండరు వెనక రాసుకున్నారు.

పోయినేడాది అన్నయ్య సెలవుకి వచ్చి మా చర్చిలో బైబిలు వాక్యం చెప్పాడు. అయ్యాక నా దగ్గరకొచ్చి, “అప్పటి పరిస్థితి అలాంటిది చెల్లీ. నన్ను క్షమించావా?” అన్నాడు.

“రోజూ పొద్దున్నే మొదలెడతానన్నయ్యా. ఇంకా అవ్వలేదు” అన్నాను.

ఈ జబ్బున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీరు పడిపోయేటప్పుడు పక్కన ఉండేది ఎవరో, మీ సంగతి ముందు వాళ్ళకి చెప్పండి. ప్రార్థన చేసేవాళ్ళకి తర్వాత చెప్పొచ్చు.