ఒక్క మనిషి బరువుకు పడవ

పడవ నడిపే మనిషి నన్ను ఎక్కించుకోనన్నాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

కార్తీకమాసం వనభోజనాలకు మా కాలేజీ వాళ్లమంతా మఠంపల్లి అవతల కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. నేను కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. భోజనాలయ్యాక తోటి లెక్చరర్లు భార్యలతో, భర్తలతో, పిల్లలతో మోటారు బోటెక్కి ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఆ సమయంలో నేను వంటాయనతో వంకాయ కూరలో ఉప్పు గురించి వాదిస్తున్నాను. వాదన నెగ్గి వెళ్లేసరికి బోటు ఖాళీగా ఒడ్డున ఉంది.

"ఒక్కరి కోసం తియ్యం మేడం. కనీసం ఆరుగురన్నా ఉండాల," అన్నాడు అతను.

"ఆరు టికెట్లూ నేనే తీసుకుంటాను."

"టికెట్ల సంగతి కాదండీ. ఒక్కళ్లే కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుద్ది. బరువు కుదరదు."

"ఒక్క మనిషికే ఒరిగే బోటు ఆరుగురిని ఎట్లా మోస్తుందయ్యా?"

"అంత తెలిసినోళ్లు సొంతంగా ఒకటి చేసుకోండి," అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

చేసుకున్నాను.

ఇంత చిన్న మాటకే పడవ చేసుకుంటారా అని తర్వాత చాలామంది అడిగారు. అది చిన్న మాట కాదు. హోటల్లో కూర్చోగానే "ఒక్కరేనా?" అంటారు. గుడిలో వ్రతం చేయిద్దామంటే "దంపతులైతే బాగుంటుందమ్మా" అంటారు. దవాఖానలో "వెంట ఎవరొచ్చారు?" అంటారు. నా పెళ్లి ఎప్పుడో ముగిసిపోయింది. తప్పెవరిదని అడిగిన వాళ్లకు నేను ఆయనదన్నాను, ఆయన నాదన్నాడు. మళ్లీ పెళ్లి జోలికి పోలేదు. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు ఎక్కడికక్కడ జవాబు చెప్పుకుంటూ వచ్చాను. నీళ్ల మీద కూడా చెప్పుకోవాలంటే మాత్రం ఓపిక లేకపోయింది.

నా ఇంటి పోర్టికోలో కారు లేదు. పన్నెండడుగుల పడవ అందులో పడుతుంది. ముందుగా గేటు వెడల్పు కొలిచాను. పూర్తయ్యాక పడవ బయటికి రాకపోతే చూసి నవ్వుదామని మా వీధి మొత్తం ఎదురుచూస్తున్నదని నాకు తెలుసు. వీడియోలు చూసి, అడుగు బల్లపరుపుగా ఉండే రకం ఎంచుకున్నాను. వడ్రంగి చేత ప్లైవుడ్ పలకలు కోయించి, అతుకులు నేనే వేశాను. పైన పూసే ఫైబర్ సరుకు మిర్యాలగూడలో దొరికింది. అక్కడ ఒకాయన పగిలిన నీళ్లట్యాంకులు అతుకుతాడు. ఆ రసాయనం డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏంది మేడం గా వాసన?"

"పడవ."

అతను ముందు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పక్క సీటు కోదాడ దాకా ఖాళీగానే ఉంది.

సూర్యాపేటలో మా అక్క ఉంటుంది. బావ మార్కెట్లో ధాన్యం అడ్తి వ్యాపారం చేస్తాడు. వాళ్ల మేడ మీద రెండు గదుల పోర్షన్ ఖాళీగా ఉండేది. రోజూ సాయంత్రం అక్క ఫోన్ చేసేది, రోజూ అదే మాట. "పైన ఎవ్వలకు కిరాయికి ఇస్తలేను. నువ్వొస్తవనే." నేను రానంటాను. "గాడ ఒక్కదానివి ఏం చేస్తవే?" అంటుంది. ఏం చేస్తానో చెబుతాను. "అవన్ని గీడ చెయ్యరాదా?" అంటుంది. ఆ తగువు కుక్కర్ మూడు కూతలు కూసేదాకా సాగేది. పడవ సంగతి మాత్రం చెప్పలేదు. ఒక ఆదివారం చెప్పకుండా ఊడిపడి, పోర్టికోలో బోర్లా ఉన్న పడవను చూసింది.

"ఏందే ఇది?"

"పడవ."

"నాకు కండ్లు లేవా? ఎందుకని అడుగుతున్న."

"నీళ్ల మీద తిరగడానికి."

"ఒక్కదానికి పడవెందుకే?"

"ఒక్కదాన్ని కాబట్టే."

బావ నవ్వాడు. "మరదలా, ముందల కూసోనికి నన్ను పెట్టుకో. బరువుకన్న పనికొస్త."

అక్క నవ్వలేదు. నా చేతులకు అంటిన తెల్లటి పొడిని కొంగుతో తుడవబోతే నేను చేయి లాక్కున్నాను. అప్పుడు అన్నది: "సరే, ఒక మాటనుకుందాం. ఎవ్వల్ని ఎక్కించుకోకుండ ఒక్కదానివే అవుతలి ఒడ్డుకు పొయ్యి రా. వస్తివా, ఇగ సూర్యాపేట మాటే ఎత్తను. రాలేదనుకో, నోరు మూసుకోని వచ్చి పైన ఉండాలె."

"మాట తప్పవు కదా?"

"నేనెప్పుడు తప్పిన?"

ఎప్పుడూ తప్పలేదు. అది నాకు బాగా తెలుసు.

మోటారు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పడవ వెనక పలకకు తగిలించి, పిడి పట్టుకుని తిప్పే చిన్న పెట్రోలు మోటారు అది. దాన్ని తగిలించాకే అసలు చిక్కు తెలిసింది. మోటారు వెనక, పెట్రోలు ట్యాంకు వెనక, పిడి అందాలి కనుక నడిపే మనిషీ వెనకే. బరువంతా ఒకే చోటికి చేరితే పడవ ముక్కు గాల్లోకి లేస్తుంది. ఇద్దరుంటే రెండోవారు ముందు కూర్చుంటారు, పడవ సమంగా ఉంటుంది. వీడియోల్లో అందరూ ఇద్దరేసి ఉన్నారు. నేను అతుకులే చూశాను, మనుషుల్ని చూడలేదు.

ఇంట్లోనే తూచి చూద్దామని పడవ కింద అడ్డంగా ఒక ఇనుప గొట్టం పెట్టాను, పిల్లలు ఊగే బల్లలాగా. నీళ్లలో లెక్క వేరని తెలుసు, అయినా ఏ కొసన ఎంత బరువుందో ఒక అందాజు తేలుతుందనుకున్నాను. నేనెక్కి వెనక కూర్చుంటే ముక్కు గాల్లోకి లేచింది. ముక్కు ఎంత దిగాలో గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. నేను ఎక్కితే గుర్తు పెట్టేవాళ్లు లేరు. గుర్తు పెట్టడానికి దిగితే పడవలో నేను లేను. ఎక్కుతూ దిగుతూ ఒక మధ్యాహ్నమంతా గడిపాను. ఎదురింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి, "నేను రానా అమ్మా?" అంది. వద్దన్నాను. మనిషి సాయం లేకుండా చేస్తానని పందెం కట్టాను కదా, అది పోర్టికోలో కూడా వర్తిస్తుందని నా వాదన. ఆవిడతో ఆ వాదన కూడా చేశాను. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోయింది.

మా వైపు ఏది తూచాలన్నా ముందు గుర్తొచ్చేది వడ్ల బస్తా. బావకు ఫోన్ చేస్తే ఆటోలో రెండు పంపాడు. ఒకటి నా బదులు వెనక కూర్చుంది, రెండోది ముందు కూర్చుంది. గొట్టం మీద పడవ సమంగా నిలిచింది. నేను పక్కన నిలబడి తృప్తిగా చూశాను.

అనుకున్న ఆదివారం పడవను ట్రాలీ మీద కట్టి నది దగ్గరకు తీసుకుపోయాం. కొత్త బండికి చేసినట్టే పూజ చేయాలని అక్క పట్టుబట్టింది. నిమ్మకాయలు టైర్ల కింద పెడతారు, పడవకు టైర్లెక్కడివి? కాసేపు తర్జనభర్జన పడి ట్రాలీ టైర్ల కింద పెట్టారు. పడవకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేను లైఫ్‌జాకెట్ తొడుక్కుని, ముందు పీట మీద బస్తా ఎక్కించాను.

"గిదేంది? ఎవ్వల్ని ఎక్కించుకోవద్దంటి కద!" అంది అక్క.

"బస్తా మనిషా?"

"మనిషి కూసునే కాడ కూసుంటే మనిషే."

"అయితే దాని పేరు చెప్పు."

అక్క ఒక్క క్షణం నా వైపు చూసి, "మనిషి లేని కాడ బస్తా పెట్టుకున్నవు. దానికి నేనేం పేరు పెట్టాలె?" అంది. నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. మోటారు తాడు లాగాను.

కొంతదూరం బాగానే వెళ్లింది. నది నడుమ గాలి మొదలై చిన్న చిన్న అలలు ముక్కు మీదుగా పడ్డాయి. గోనెసంచి తడిసింది. వడ్లు నీళ్లు తాగుతాయన్న సంగతి, పుట్టినప్పటి నుంచీ వడ్ల మధ్య బతికినదాన్నైనా, నాకు తట్టనేలేదు. ముక్కు కిందికి దిగసాగింది. భయపడి వెనక్కి తిప్పబోయాను. ఆ మలుపులో బస్తా పీట మీది నుంచి జారి ఒక అంచుకు పడింది, పడవ అటే ఒరిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి. మోటారు ఆపేసి, రెండు చేతులతో బస్తాను నడుమకు లాగాను. మనిషైతే కనీసం తానే జరిగేది. ఒడ్డున అక్క అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. తెడ్డు వేసుకుంటూ తిరిగి వచ్చాను.

"ఓడినవ్," అంది అక్క. ఏడ్చిన ముఖం.

"ఓడింది బస్తా. నేను కాదు."

"గా నోరే నిన్ను ఒంటరిదాన్ని చేసింది," అంది. ముఖం తుడుచుకుని, "వచ్చే ఐతారం. అదే ఆఖరు," అంది.

ఆ తడిసిన వడ్లు పోర్టికోలో అట్లాగే పడి ఉండి మొలకెత్తాయి. ఎదురింటావిడ మళ్లీ గేటు దగ్గరికి వచ్చి, "పడవ మానేసి నారు పోస్తున్నారా?" అని అడిగి వెళ్లింది.

ఆ వారం కాలేజీ నుంచి రాగానే పడవలో కూర్చునేదాన్ని. ఖాళీ పీటకు ఎదురుగా వెనక కూర్చుని ఆలోచిస్తే ఏమీ తోచలేదు. ఒకరోజు కాళ్లు చాపుకుందామని నడుమకు జరిగాను. అప్పుడు తట్టింది. రెండోవాళ్లు లేనప్పుడు వాళ్ల జాగాలో ఏం పెట్టాలా అని ఇన్నాళ్లూ వెతికాను. ఆ జాగానే లేకుండా చేయొచ్చు. ముందూ వెనకా ఉన్న పీటలు రెండూ ఊడదీసి, నడుమ ఒకటే బిగించాను. పెట్రోలు ట్యాంకును పొడవైన గొట్టంతో ముక్కు కిందికి మార్చి పట్టీలతో కట్టాను. మోటారు పిడికి పీవీసీ పైపు ముక్క తొడిగి, నడుమ కూర్చున్నా చేతికందేలా చేశాను. ఇప్పుడది ఇద్దరికి పనికిరాదు. ఇంకొకరు ఎక్కితే కూర్చునే చోటు లేదు.

అనుకున్నట్టే ఆ ఆదివారం అవతలి ఒడ్డుకు వెళ్లాను. పడవ పళ్లెంలాగా సమంగా సాగింది. అవతల సున్నపురాళ్లు, తుమ్మచెట్లు, నీళ్లు తాగుతున్న నాలుగు బర్రెలు. చేరానని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. వెనక్కి చూస్తే అక్క కుంకుమరంగు చీర గింజంత కనిపించింది. చేయి ఊపాను. తనూ ఊపిందో లేదో తెలియలేదు.

తిరిగి రాగానే బావ చప్పట్లు కొట్టాడు, సెల్‌ఫోన్లో వీడియో చూపించాడు. అక్క నా తడి పాదాలను తువ్వాలుతో తుడిచింది. ఈసారి నేను లాక్కోలేదు.

"గెల్సినవ్ తియ్," అంది.

అక్క మాట తప్పదు. ఆ సాయంత్రం నుంచి ఫోన్‌లో సూర్యాపేట ఊసే లేదు. "తిన్నవా?" "తిన్నా." "కాలేజీ ఉండెనా?" "ఉంది." "సరే మరి." కుక్కర్ మొదటి కూత కూడా కూయకముందే అయిపోయేది. నేనే కదిలించి చూశాను. ఇల్లు మరీ పెద్దదైపోయిందన్నాను, మోకాలు నొప్పి అన్నాను. "జర జాగ్రత్త," అంది. అంతే.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు మాటల్లో మాటగా చెప్పింది. "పైన కిరాయికిచ్చినం. బ్యాంకులో చేసేటోళ్లు, ఆలుమొగలు. మంచిగనే ఉన్నరు."

దేనికైనా ఎదురు చెప్పే నాకు, అప్పుడు చెప్పాల్సింది ఒకే ఒక్క మాట ఉంది. గెలిచినదాన్ని, ఆ గదులు నాకుంచమని అడిగే హక్కు నాకు లేదు.

"పైకి నీళ్లు బాగానే ఎక్కుతున్నాయా?" అన్నాను.

"ఎక్కుతున్నయే," అంది అక్క. "మరి ఉంటనే."