కుప్పం ఊరగాయ మీద పడ్డ నింద

మా అబ్బాయికి మూత్రపిండాలు వాచింది వాళ్ల అమ్మమ్మ పెట్టిన ఊరగాయ వల్ల కాదు. మా బంధువులంతా ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. వాళ్లకు అలా చెప్పింది నేనే.

తొంభైల చివర్లో, మేము పుంగనూరులో ఉండగా, వాడికి ఆటలమ్మ పోసింది. అప్పుడు రెండో తరగతి. తగ్గి తలకు నీళ్లు పోశాక నా భార్య వాణ్ని కుప్పంలో పుట్టింటికి తీసుకెళ్లింది. అన్ని రోజులూ చప్పిడి తిండి తిన్న పిల్లవాడు నోరు చచ్చిందని ఏడిస్తే, మా అత్త మామిడికాయ ఊరగాయతో ముద్దలు కలిపి పెట్టింది.

వాళ్లను పిలుచుకురావడానికి వెళ్లేసరికి వాడి బుగ్గలు నిండుగా కనిపించాయి. "మనవణ్ని బాగానే మేపినావే అత్తా" అని నవ్వాను.

ఆమె తలుపు చాటునుంచే అంది: "అది కండ కాదప్పా, వాపు. పొద్దున్నే కండ్లు తెరవలేకుండా ఉండాడు. డాక్టరుకు సూపించు."

మూత్రం కూడా కాఫీ డికాషన్ రంగులో పోస్తున్నాడని నా భార్య చెప్పింది. వేడి చేసిందిలే అన్నాను. టెంకాయ నీళ్లు తాపించి ఇంటికి తీసుకొచ్చాను.

వాపు కాళ్లకు దిగాక మదనపల్లెలో ఆసుపత్రికి వెళ్లాం. మూత్రపిండాలు వాచాయన్నారు. వైరస్ వల్ల కావచ్చు, పొక్కులు చీము పట్టడం వల్ల కావచ్చు, పిల్లల్లో ఒక్కోసారి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. నాకేమీ తలకెక్కలేదు. జ్వరం పోయింది, పొక్కులు మాడిపోయాయి, మరి ఇప్పుడు కిడ్నీ ఏమిటి? చివర్లో ఉప్పు మాన్పించమన్న మాట ఒక్కటే అర్థమైంది. మాన్పించారంటే జబ్బు దానివల్లే, అంటే ఊరగాయ వల్లే వచ్చిందనుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను.

వాడు కోలుకున్నాడు. మా అత్త మాత్రం ఆ తరువాత వాడికి తన చేత్తో ఏదీ పెట్టలేదు. మా ఇంటికొచ్చినా వంటింట్లో అడుగుపెట్టేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక మా వీధిలో ఒక పాపకు ఆటలమ్మ తగ్గుతూనే ఇలాగే ముఖం వాచింది. ఆ ఇంట్లో ఇంకా పథ్యం కూడా విడవలేదు, ఆ పాప ఊరగాయ ముట్టనే లేదు. అప్పుడు గానీ మదనపల్లె డాక్టరు మాటలు నాకు గుర్తు రాలేదు. ఉప్పు వాపును పెంచి ఉండవచ్చు. జబ్బును తెచ్చింది మాత్రం అది కాదు.

కుప్పం వెళ్లి మా అత్తకు ఉన్నదంతా చెప్పాను.

"అట్లయితే నేను ఇన్నేండ్లు వాడికి ఎందుకు పెట్టకుండా ఉంటినప్పా?" అంది.

ఆ మాట నన్నడిగిందో, తనను తానే ప్రశ్నించుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.