తొమ్మిదీ ముప్పై ఒకటి రైలు

పాతికేళ్లుగా లారీలకు టైము వేయడమే నా ఉద్యోగం. మలేసియాలోని బంటింగ్‌లో రబ్బరు చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీ మాది. సరుకు నింపిన కంటైనర్ క్లాంగ్ రేవులో గేటు మూసేలోపు చేరాలి. చేరకపోతే ఓడ దాని దారిన అది పోతుంది. ఏ లారీ ఎన్నింటికి కదలాలి, వాన పడితే ఎంత ఆలస్యమవుతుంది, శుక్రవారం నమాజు వేళ రోడ్డు ఎంతసేపు స్తంభిస్తుంది, అన్నీ నా తలలో ఉంటాయి. అయినా ప్రతి లారీకీ రెండు గంటలు ఎక్కువే పెట్టుకుంటాను. ఈయన పెళ్లి భోజనానికి కూడా ముందురోజే వెళ్లి కూర్చుంటాడని డ్రైవర్లు వెక్కిరిస్తారు. చేతి తొడుగుల కోసం రెండు గంటలు అట్టేపెట్టే మనిషిని నేను. మా అక్క కోసం ఆరు నిమిషాలు పెట్టాను.

మా తమ్ముడు జర్మనీలో పోయాడు. ఓడల్లో వంటవాడిగా తిరిగి తిరిగి, చివరికి అక్కడొక చిన్న ఊళ్లో ఒకావిడను పెళ్లి చేసుకుని, హోటల్లో వంట చేసుకుంటూ ఉండిపోయాడు. ఒక గురువారం పొద్దున వంటగదిలోనే గుండె ఆగింది. వాడి భార్య ఫోన్ చేసింది. ఆవిడకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో, నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుకు, ఆవిడ ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారే నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించాను.

తెలుక్ ఇంటాన్‌లో ఉన్న అక్కకు ఆ సంగతి నేనే చెప్పాలి. వాడికి తొమ్మిది నెలలప్పుడు మా అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పదిహేనేళ్లు. బడి మానేసి, వాణ్ణి చంకనేసుకునే ఎస్టేటులో పనికి వెళ్లేది. పెళ్లయ్యాక వాణ్ణి కూడా తనతోపాటే అత్తవారింటికి తీసుకుపోయింది. ఆమెకు పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న దిగులు ఆమెలో నేనెప్పుడూ చూడలేదు, వాడున్నాడు కదా. ఫోన్లో నా మాట అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నానెల్తాను తమ్ముడూ. ఆడి మొకం ఒక్కసారి సూడాలి. ఇంకేటీ వద్దు నాకు."

మరదలు అక్కడి శ్మశానం వాళ్లతో మాట్లాడి చెప్పింది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా చూడనిస్తారట. ఒంటిగంటకు పెట్టె మూసి దహనానికి తీసుకుపోతారట. వెనక ఇంకో కుటుంబం వరసలో ఉంటుంది కాబట్టి ఆ టైము మారదట. అక్కతో నేనే వెళ్లవలసింది. కానీ మూడు వారాల కిందట మోటారుసైకిల్ మీంచి పడి నా కాలికి కట్టు ఉంది. అరవై మూడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, ఒంటరిగా బయలుదేరింది. తిరుపతి వెళ్లొచ్చింది కాబట్టి పాస్‌పోర్టు ఉంది, అదొక్కటే అదృష్టం.

శుక్ర, శనివారాలు కాలు స్టూలు మీద పెట్టుకుని, ఒళ్లో కాగితాలు, చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. విమానం సోమవారం ఉదయం ఆరింటికి అక్కడ దిగుతుంది. రైల్వే స్టేషను విమానాశ్రయం కిందనే. ఏడూ యాభైకి ఒక రైలు ఉంది. దారిలో ఒక్కచోటే మారాలి, మారడానికి నలభై నిమిషాలు. పదకొండూ పదికల్లా తమ్ముడి ఊళ్లో ఉంటుంది. అది చూడగానే కాగితం మీద రాసేశాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం సరదాగా కూడా ఉంది. ఏ దేశమైనా టైము టైమే, నాకు చేతనైన పనే అనుకున్నాను. అది తమ్ముడు పోయిన మూడో రోజు.

శనివారం సాయంత్రం అక్క ఫోన్ చేసి, రైలు ఎన్నింటికని అడిగింది. చెప్పాను. గోడనున్న క్యాలెండర్ కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. చావు పని మీద పోతూ ఆ వేళలో బండెక్కితే ఇంకో చావు చూడాల్సి వస్తుందని, తొమ్మిది దాటాక ఉన్న రైలు చూడమని అంది.

మా ఇళ్లలో ఇదొక పట్టింపు. వంటింట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్, దాని మీద రాహుకాలం. ఆ వేళలో బయలుదేరక తప్పదంటే, అంతకు ముందే సంచీ తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టేస్తాం, ప్రయాణం ముందే మొదలైనట్టు. నేనివేవీ నమ్మనని అందరితో చెబుతాను. చెబుతూనే, ఫ్యాక్టరీకి కొత్త లారీ వస్తే దాని మొదటి ట్రిప్పు ఆ వేళలో ఒక్కసారీ వేయలేదు. అక్కతో వాదించి ఉండొచ్చు. వాదించకుండా మళ్లీ ఫోను పట్టుకుని వెతికాను.

తొమ్మిదీ ముప్పై ఒకటికి ఇంకో రైలు దొరికింది. దానికి రెండు మార్పులు. ఒకచోట తొమ్మిది నిమిషాలు, ఇంకోచోట ఆరు. చేరేది పన్నెండూ ఇరవైకి. ఆ రెండు స్టేషన్ల పటాలు పెద్దవి చేసి చూశాను. మూడో ప్లాట్‌ఫారం నుంచి ఎనిమిదికి ఎన్ని మెట్లు దిగాలి, ఎన్ని ఎక్కాలి లెక్కపెట్టాను. ఎడమకు తిరుగు, మెట్లు దిగు, ఎనిమిది అని మలాయ్‌లో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఫోటో తీసి పంపాను. అక్కడి రైళ్లు నిమిషం తప్పవని ఎవరో ఎప్పుడో అనగా విన్న మాట నా తలలో ఉంది. మరదల్ని అడిగితే నిజం చెప్పేది. టైములు వేసే మనిషిని, ఇంకొకరిని అడుగుతానా?

సోమవారం ఇక్కడ మాకు మధ్యాహ్నం రెండూ ఇరవైకి అక్క ఫోన్ చేసింది. అక్కడ ఏడూ ఇరవై. నేననుకున్నదానికంటే ముందే బయటపడి, దారి అడుగుతూ అడుగుతూ ప్లాట్‌ఫారం మీదకు చేరుకుందట. చలికి గొంతు వణుకుతోంది.

"ఇక్కడొక రైలు పేరు ఏసినారు తమ్ముడూ. నువ్వు రాసిన ఊరే, మొదల సెప్పిన రైలే. ఇంకో అరగంటకి ఒస్తాదంట. ఎక్కీమంటావా?"

నేను కొని పంపిన టికెట్ ఆ రోజు ఏ రైలుకైనా చెల్లుతుందని నాకు తెలుసు. ఆమె పట్టింపును ఆమే వదులుకోవడానికి సిద్ధపడి అడుగుతోందని కూడా తెలుసు. వాణ్ణి చూడాలన్న ఆత్రం ముందు రాహుకాలం ఆగలేదు. నేను ఆపాను.

"వద్దక్కా. నువ్వే కదా రాహుకాలం అన్నావు. అన్నీ సూసి ఏసినాను. తొమ్మిదిన్నర దాకా కూర్చో."

సరే తమ్ముడూ అంది. రెండు గంటలు ఆ చలిలో బల్ల మీద కూర్చుంది. నేనిక్కడ ఫ్యాను కింద టీ తాగుతూ, పని చక్కగా జరుగుతోందనుకున్నాను.

తొమ్మిదీ ముప్పై ఒకటి రైలు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మొదటి మార్పు దగ్గర అక్క ఎలా పరుగెత్తిందో తెలియదు, రైలందుకుంది. ఆ రెండో రైలు పొలాల మధ్య ఊరికే ఆగిపోయింది, ఏడు నిమిషాలు. నేను లెక్కపెట్టిన మెట్లన్నీ అక్క దిగి ఎక్కేసరికి, ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది. తర్వాతి రైలు గంటకు. ఒంటిగంటా ఇరవైకి గానీ చేరదు.

మరదలికి ఫోన్ చేసి బతిమాలాను. ఆవిడ శ్మశానం వాళ్లను బతిమాలింది. పది నిమిషాలు ఆగారట. పదీ అయ్యాయి. ఇక్కడ మా వీధిలో దీపాలు పెట్టే వేళ దాటి, పక్కింట్లో రాత్రి భోజనాలకు పళ్లేలు సర్దుతున్నారు. ఇంకా ఆగమను, నేను అక్కకు మాటిచ్చాను అని ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియక, ప్లీజ్ ప్లీజ్ అంటూ ఉండిపోయాను.

స్టేషన్లో దిగి అక్క శ్మశానానికి ఒకటీ ముప్పై అయిదుకు చేరింది. అప్పటికి మూత బిగించేశారు. లోపలికి తీసుకుపోయే ముందు, మరదలు ఏడ్చి అడిగితే, ఒక్క నిమిషం పెట్టె దగ్గర నిలబడనిచ్చారు.

"పెట్టి మీద సెయ్యేసినాను. సల్లగా ఉంది," అంది అక్క ఆ సాయంత్రం ఫోన్లో. నన్ను తిట్టలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే నేను కాస్త ఊపిరి తీసుకునేవాణ్ణి.

నాలుగు నెలల తర్వాత ఫ్యాక్టరీలో కొత్త లారీకి పూజ చేయించాలని గుడి పూజారిని టైము అడిగాను. నాకున్న అలవాటు కొద్దీ క్యాలెండర్ చూసి రాహుకాలం నేనే చెప్పబోయాను. ఆయన నవ్వి, క్యాలెండర్‌లో వేసేది ఏదో మోటు లెక్క అన్నారు. రాహుకాలం గడియారాన్ని బట్టి ఉండదట. ఎక్కడున్నామో అక్కడ సూర్యుడు పొడిచిన దగ్గర్నుంచి అస్తమించేదాకా పగటిని ఎనిమిది భాగాలు చేయాలట. సోమవారమైతే రెండో భాగం. పొద్దు పొడవకముందు రాహుకాలమే ఉండదట.

ఇంటికొచ్చి, అక్క విమానం దిగిన ఊళ్లో ఆ సోమవారం సూర్యోదయం ఎన్నింటికో వెతికాను. చలికాలం. ఎనిమిదీ పదిహేడుకు. ఏడూ యాభై రైలు వచ్చే వేళకు అక్కడింకా చీకటే. ఆ రైలుకు ఏ దోషమూ లేదు. పగటిని ఎనిమిది భాగాలు చేశాను. రాహుకాలం తొమ్మిదీ పద్దెనిమిది నుంచి పదీ పంతొమ్మిది దాకా. అక్కను తీసుకెళ్లి సరిగ్గా అందులో ఎక్కించాను. ఇవేవీ నమ్మని మనిషిని, ఆ లెక్క మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే వచ్చింది. నమ్మినా తప్పు నాదే, నమ్మకపోయినా తప్పు నాదే. దీన్ని ఎటు తిప్పి చూసినా నేను బయటపడే దారి లేదు.

అక్కకు చెప్పాలని తెలుక్ ఇంటాన్ వెళ్లాను. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ చెప్పకుండానే, అక్క కట్టిచ్చిన కూర పట్టుకుని తిరిగొచ్చాను.

మొన్న తమ్ముడి సంవత్సరీకం జరిగింది. అక్క ఇంట్లోనే భోజనాలు. అంతదూరం వెళ్లి మొకం చూడలేకపోయావు కదమ్మా అని ఒక ముసలావిడ జాలిపడింది. అక్క వడ్డిస్తున్నదల్లా ఆగి, నా వైపు చేయి చూపించింది.

"ఈడే లేకపోతే అదీ దక్కీది కాదు. తొందరపడి ముందు రైలు ఎక్కిపోదును. రాహుకాలంలో ఎక్కితే నానూ దారిలోనే పోదునేమో. ఎక్కొద్దని ఆపినాడు. ఆడి పెట్టి మీదన్నా సెయ్యేసినానంటే ఈడి పుణ్యమే."

అందరూ నా వైపు చూశారు. అవునా తమ్ముడూ అంది అక్క. అవునక్కా అన్నాను. ఆమె నా ఆకులో ఇంకొంచెం అన్నం వేసింది, నేను తల వంచుకుని తిన్నాను.