పుట్టికి పడిన మాసిక

మొన్న గద్వాలలో, వాడుకలో లేని ఒక బడిగదిలో ఊరివాళ్లే పోగుచేసి పెట్టుకున్న పాతవస్తువుల ప్రదర్శన చూడటానికి వెళ్లాను. గది చిన్నది. విసుర్రాళ్లు, నేతవాళ్ల నాడెలు, తాటాకు గొడుగు, ఎవరి ఇంటిదో ఒక ఇత్తడి దీపపు సెమ్మె, అన్నిటికీ తెల్లకాగితం మీద చక్కటి చేతిరాతతో పేర్లు. నేను అలవాటు కొద్దీ జేబులోంచి డైరీ తీసి ఒక్కొక్కటే రాసుకుంటూ, మూలన గోడకు ఆనించిన పుట్టి దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

పుట్టి అంటే ఏమిటో నా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు. వెదురుబద్దలతో పెద్ద గంపలాగా గుండ్రంగా అల్లి, కింద బర్రెతోలు బిగించి, కృష్ణ మీద మనుషులనూ మేకలనూ మూటలనూ దాటించిన పడవ అది. ఈ పుట్టి అడుగున అరచేతిలో సగమంత తోలు మాసిక ఉంది. దాని పక్కన కాగితం మీద ఇలా రాసి ఉంది: "తుపాకి తూటా తగిలిన చోటు."

ప్రదర్శన చూసుకునే పంతులుగారు చిన్నవాడు, ఉత్సాహవంతుడు. పుట్టి నడిపిన ఆవిడ మనుమడే దీన్ని ఇచ్చాడనీ, ఆవిడ బతికినన్నాళ్లూ అది తూటా దెబ్బేనని చెప్పిందనీ, పిల్లలు ముందుగా పరుగెత్తుకొచ్చేది దీని దగ్గరికేననీ ఆయన సంబరంగా చెబుతుంటే నేను రాయడం ఆపి డైరీ మూసేశాను. ఎందుకంటే అది తూటా దెబ్బ కాదు. నా ఎడమకాలి బూటు మేకు చేసిన చిల్లి.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు అవి. నాకు ఇరవై ఏళ్లు. ధరూరు దిక్కున ఏటి ఒడ్డు ఊళ్లో చిన్న దవాఖానలో కాంపౌండరుగా కొత్తగా చేరాను. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాడికి ఉండే దర్జా అంతా నా బూట్లలో ఉండేది. వనపర్తిలో కొలత ఇచ్చి కుట్టించుకుని, తొందరగా అరగకూడదని మడమలకు ఇనుప మేకులు కొట్టించుకున్నాను. నడుస్తుంటే టకటకమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినడానికే దవాఖాన బండల మీద అవసరం లేకపోయినా అటూ ఇటూ తిరిగేవాణ్ణి.

వానాకాలం, కృష్ణ నిండుగా పారుతున్న ఒక ఉదయం, అవతలి ఒడ్డు నుంచి ఒకావిడ ఒంటరిగా పుట్టి వేసుకుని వచ్చింది. మామూలుగా పుట్టి నడిపేది ఆమె భర్త. వాళ్ల ఊళ్లో గత్తర, అంటే కలరా, సోకింది. ముందు రోజు సాయంత్రం నుంచి ఆయనకు వాంతులు, విరేచనాలు. మాట కూడా పెగలడం లేదు. మా డాక్టరు సాబు రోగులను చూడటానికి ఊళ్లు తిరగబోయి ఉన్నాడు. గద్వాలకు పోయి రైలెక్కి చుట్టు తిరిగి ఆ ఊరు చేరాలంటే మరునాటి పొద్దు గూకుతుంది. అంతదాకా ఆ మనిషి ఆగడని ఆమె చెప్పిన గుర్తులను బట్టి నాకు తెలిసిపోయింది. ఉప్పునీళ్ల సీసాలు, సూదులు, బావుల్లో కలిపే ఊదారంగు మందు ఒక పెట్టెలో సర్దుకుని, గడ్డి కుక్కి, బయలుదేరాను.

ఏరు దాటడం మనం అనుకున్నట్లు ఇటునుంచి అటు పోవడం కాదు. ఆమె పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట ఏటికి ఎదురుగా చాలా దూరం నడిచింది. పారే నీళ్లు పుట్టిని కిందికి ఈడ్చుకుపోతాయి కనుక, ఎంత పైకి పోయి దింపితే అంత సరిగ్గా అవతలి రేవులో తేలుతాం. దింపాక నా వైపు తిరిగి, "బూట్లిడువు సారూ. గీడ అందరూ ఒట్టికాళ్లతోనే ఎక్కుతరు," అంది. ఎక్కేవాడు పటేలైనా కూలివాడైనా పుట్టి దగ్గర అదే కట్టడి. నేను తలూపాను. కానీ రెండు చేతుల్లో మందుల పెట్టె ఉంది, బూట్లు విప్పితే బురదలో పడేస్తానేమోనని బెంగ ఉంది, ఇవన్నీ సాకులు. అసలు సంగతి, సర్కారు మనిషిని, వట్టికాళ్లతో దిగుతానా అన్న బడాయి. ఆమె తెడ్డు అందుకోవడానికి వంగినప్పుడు పైజామా అంచు కిందికి లాగి బూట్లతోనే ఎక్కేశాను.

నడిమధ్యకు వచ్చేసరికి సుడి తగిలి పుట్టి గిర్రున తిరిగింది. పెట్టె జారకుండా ఎడమ మడమ గట్టిగా తన్నిపట్టాను. మేకు ఒకటి వదులై బయటికి పొడుచుకొచ్చి ఉందేమో, తోలులోకి దిగింది. బూటు పక్కనుంచి నీళ్లు చిమ్మాయి.

"ఏం తొక్కినవ్ సారూ?" అంది ఆమె, తెడ్డు ఆపకుండానే.

నేను పైజామా పైకి లాగి చూపించాను.

"కాలు తియ్యకు! ఏ కాలుతోని పొడిచినవో గదే కాలుతోని అదిమిపెట్టు. తీసినవంటే నువ్వు, నీ సీసలు, ఆడ మా ఇంటాయన, అందరం గంగల కలుస్తం." ఇంకో నాలుగు తెడ్లు వేసి, "గంత సదువు సదివినవ్, ఒక్క మాట ఇనరాకపాయెనా?" అంది.

ఆ కాలు అట్లాగే అదిమి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దోసిళ్లతో నీళ్లు తోడుతూ కూర్చున్నాను. ఆమె నా వైపు మళ్లీ చూడలేదు. చూపంతా ఒడ్డు మీద, బలమంతా తెడ్డు మీద. అనుకున్న రేవుకు చాలా దూరం కిందైనా ఒడ్డు తగిలింది. సీసా ఒక్కటి కూడా పగలలేదు. బూట్లు విప్పి పుట్టిలోనే పడేసి, ఆమె వెనక ముళ్లల్లో వట్టికాళ్లతో పరుగెత్తాను.

ఆమె భర్త కళ్లు గుంతలు పడి ఉన్నాయి. నరం దొరకడానికే చాలాసేపు పట్టింది. మధ్యాహ్నానికి రెండో సీసా సగమయ్యాక ఆయన పెదవులు కదిలించి "నీళ్లు" అన్నాడు. ఆమె గడపలో కూలబడి అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజులు ఆ ఊళ్లోనే ఉండి బావులన్నిటిలో మందు కలిపాను. నేను చేరాక మంచం పట్టినవాళ్లందరూ లేచారు. ఐదో నాడు ఆయన అరుగు మీద కూర్చుని జొన్నగంజి తాగుతూ, ఉప్పు తక్కువైందని పెళ్లాన్ని కసిరాడు. అంతకంటే గొప్ప కబురు నా ఉద్యోగంలో మళ్లీ వినలేదు.

ఆ రోజే ఆమె దబ్బనం, పురికొస, కుట్లలో నీళ్లు దిగకుండా పూయడానికి కొవ్వు ఉండ తెచ్చుకుని పుట్టి ముందు కూర్చుంది. నా ఎడమ బూటులో, లేసుల కింద ఉండే తోలు నాలుకను కత్తితో అడ్డదిడ్డంగా కోసి, "పొడిచిన బూటే మాసిక ఇయ్యాలె," అని చిల్లికి వేసి కుట్టింది. డాక్టరు సాబుకు తెలిస్తే నా నౌకరీ పోతుందని నేను నసిగాను. ఆమె దారం పళ్లతో కొరికి, "పరేషాన్ గాకు. నా నోట్లకెల్లి రాదు," అంది.

ఆనాటి నా డైరీలో ఇలా ఉంది: "నది దాటితిమి. పుట్టికి చిల్లి పడినది. మాసిక వేయబడినది." ఎవరు పొడిచారో, ఎవరు వేశారో లేదు. ఇన్నేళ్ల డైరీలలో నేను తెలిసి దాచిన నిజం అదొక్కటే. నేను కాగితం మీద దాచుకున్నదాన్ని ఆమె తూటా కథ అల్లి జీవితమంతా కాపాడిందని మొన్నటిదాకా నాకు తెలియదు.

పంతులుగారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని మనుమణ్ణి పిలిపించారు. అతను యాభై దాటిన మనిషి, మోటారుసైకిలు దిగుతూనే నా మీద లేచాడు. "మా అవ్వ అబద్ధం జెప్పిందంటవా పెద్దమనిషీ?" మరునాడు రమ్మని మాత్రం అన్నాను.

నాది ఏదీ పారేయని స్వభావం. దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుపులే. ఆ రాత్రి గడిచాక ఉదయమే రేకుపెట్టె అడుగు నుంచి, డైరీల కింద ఉన్న ఎడమ బూటు తీసి గుడ్డలో చుట్టుకుని వెళ్లాను. అందరి ముందూ పుట్టిని బోర్లించి, కోయగా మిగిలిన నాలుక మొదలును మాసిక అంచుకు ఆనించాను. కత్తి వంకర తిరిగిన చోట వంకర, ఆగి మళ్లీ కోసిన చోట నొక్కు, వెంట్రుకవాసి తేడా లేకుండా అతికాయి. మనుమడు దానిమీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి చూశాడు. తర్వాత గది అదిరేటట్టు నవ్వాడు. "మా అవ్వ గింత గట్టిదా! సచ్చేదాంక కడుపుల వెట్టుకున్నది సూడు!"

ఇప్పుడు అక్కడ కొత్త కాగితం ఉంది. పైన ఆమె పేరు ఉంది. కింద "వరదలో ఈ పుట్టిని నడిపి గత్తర మందును అవతలి ఒడ్డుకు చేర్చినది. చిల్లి కాంపౌండరు బూటుది. మాసిక ఈమెది" అని ఉంది. పక్కనే బూటు. పిల్లలు తూటా పోయిందని బాధపడతారనుకున్న పంతులుగారికే ఆశ్చర్యం. ఒక్కొక్కరూ బూటునూ మాసికనూ మార్చి మార్చి చూస్తూ ఆ గుంపు కదలడం లేదట. నా పాత డైరీలో ఆ మూడు వాక్యాల కింద నేను కూడా సరిదిద్ది సంతకం చేశాను.

ఇవాళ వంతెన మీద బస్సులో కృష్ణ దాటడానికి పట్టే సమయం ఒక టీ తాగినంత. మంచిదే, గత్తరకు మందు అందక ఎవరూ పోనక్కరలేదు. కానీ గుండ్రటి పుట్టిలో ముందు సీటు, వెనక సీటు ఉండేవి కావు. ఎంతటివాడైనా ఒక పేద ఆడమనిషి మాట విని చెప్పులు విడిచి ఎక్కాల్సిందే. నిన్న ఆ గదిలోంచి బయటికి వస్తుంటే పంతులుగారు నవ్వుతూ, ఇక్కడ చెప్పులు విడవాలన్న నియమం లేదు కదండీ అన్నారు. చూసుకుంటే నావి వట్టికాళ్లు. ఎప్పుడు విడిచానో, చెప్పులు గడప బయట ఉన్నాయి.