నాయనమ్మ ఏడు పళ్ళు

మా చిన్నప్పుడు... ఓ రెండు రోజులు మా ఇల్లంతా నిమ్మకాయ వాసన, దాని మీద నాయనమ్మ పొగాకు ఉమ్మి వాసన. కారణం నేనే. ఏడో తరగతి సైన్స్ ఫెయిర్‌కి ‘పళ్ళు ఎందుకు పాడవుతాయి’ అనే ప్రాజెక్టు నాకు పడింది మరి.

పళ్ళకు బదులు మూడు నాటుకోడి గుడ్లు తీసుకున్నాను. ఒకటి కూల్‌డ్రింకులో, ఒకటి నిమ్మరసంలో... మూడోది నాయనమ్మ ఆకు, వక్క, పొగాకు నమిలి ఉమ్మే డబ్బాలో!

కూల్‌డ్రింకు ఒలికి చీమలు పట్టాయి. గుడ్లు తోమి చూడటానికి నాన్న పేస్టు సగం ఖాళీ. "కూరకు ఉంచిన గుడ్లు గీ గలీజుల వేసినవా? ఏందే గీ పని?" అని అమ్మ చీపురెత్తింది. నాయనమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమె ఎప్పుడూ అలాగే నవ్వేది. గారపట్టిన పళ్ళు ఎవరి కంటా పడకూడదని. అప్పటివరకు దిగిన ఏ ఫోటోలో చూసినా మూతి బిగించుకునే ఉంటుంది.

రెండు రోజులకు నిమ్మరసంలో గుడ్డు పెంకు కరిగి మెత్తబడింది. డబ్బాలోది ఎంత తోమినా ఎరుపు వదల్లేదు. నాకు ఒకటే సంబరం...

ఫెయిర్ భద్రాచలంలో. నాన్నకు సారపాక మిల్లులో డ్యూటీ, అమ్మ మిరపకాయలు ఏరడానికి పోయింది. తోడుగా నాయనమ్మే వచ్చింది. గుడ్లను తవుడు పోసిన గిన్నెలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. గోదావరి వంతెన ఇంకా ఎక్కనే లేదు... బస్సు గతుకులో పడి, ఎవరిదో మూట వచ్చి గిన్నె మీద పడింది. మూడూ పగిలాయి. యూనిఫాం నిండా సొన.

బల్ల మీద ఒట్టి చార్టు పరిచి వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా. గుడ్లు పోతె పోయినయ్... నా నోరు ఏడికి పోయింది?" అంది నాయనమ్మ.

మార్కులు వేసే సారు రాగానే కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. అంతమంది ముందు నోరు బార్లా తెరిచింది.

"చూడుండ్రి సారూ. పెండ్లయిన కాన్నుంచి పొగాకు నమిలిన. గీ ఏడే మిగిలినయ్. మా పిల్ల చెప్పేది అబద్ధం కాదు."

సారు నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని నన్ను ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. నాయనమ్మ పళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ అన్నింటికీ గడగడా జవాబు చెప్పాను.

నాకు రెండో బహుమతి. మొదటిది బల్బులు వెలిగే థర్మకోల్ పన్నుకు. "దానికి ఎన్నడన్న నొప్పి లేసిందా?" అని దారంతా నాయనమ్మ రుసరుస.

నిజం చెప్పాలి... ఆమె పొగాకు మానలేదు. కానీ ఆ రోజు నుంచి నవ్వినప్పుడు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రాజెక్టు స్టేషనరీ షాపులో రెడీగా దొరుకుతోంది. ఇల్లు గలీజు కాదు, చీమలు రావు... పక్కన నిలబడే వాళ్ళ అవసరమూ లేదు. మీ కోసం అలా నిలబడిన వాళ్ళెవరో చెప్పండి. మా గోడ మీద బహుమతి రోజు ఫోటోలో మా నాయనమ్మ ఇప్పటికీ ఏడు పళ్ళతో నవ్వుతూనే ఉంది.