ప్లాను మూలన పెట్టిన బొట్టు

నవ్వొద్దు, మొదలే చెప్తాండా. నవ్వేవాళ్లు టీ గ్లాసు కింద పెట్టి నవ్వండి, నా చొక్కా మీద పొయ్యద్దండి. మనిషి భక్తితో కూడా ఇల్లు చెడగొట్టుకోవచ్చని, అదీ పునాది తీయకముందే చెడగొట్టుకోవచ్చని, నాకు మొన్నీమధ్యే తెలిసింది!

ధర్మవరంలో సగం ఊరి మాదిరే మాదీ మగ్గం బతుకు. బాడుగింట్లో మగ్గం ఉండే గది చీకటి గుయ్యారం. పట్టపగలు బల్బు వేసుకుని నాయన పట్టు నేస్తాడు. కరెంటు పోతే చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎట్లో కిందా మీదా పడి రైలుగేటు అవతల చిన్న స్థలం కొన్నాం. ఆ పొద్దే నాయన అమ్మవారికి మొక్కుకున్నాడు. సొంతింట్లో, సొంత వెలుతురులో నేసే మొదటి చీర ఆ తల్లికే అని. ఇల్లెట్లా కట్టల్ల నాయనా అని అడిగితే ఒకటే మాట. "నా మగ్గానికి ఉత్తరం కిటికీ పెట్టండ్రా. ఎండ పడకుండా వెలుతురు రావల్ల. తక్కినవన్నీ మీ ఇష్టం."

పెద్దాయన కోరిక ఇంతే. దాన్ని నేనెంత ముచ్చటగా నాశనం చేసినానో వినండి.

ప్లాను గీసింది ఓబులేసు. సైకిలు హ్యాండిలుకు పొడుగాటి రేకు డబ్బా కట్టుకుని తిరుగుతాడే, ఆ డ్రాఫ్ట్స్‌మనే. మాట తక్కువ, రోషమెక్కువ. నీలం గీతల కాగితం నా చేతిలో పెట్టి, "అన్నా, ఇంట్లో అందరూ బాగా చూసుకోండి. సరే అంటే పర్మిషనుకు అర్జీ పెడదాం. మూఢం వస్తాండాది, దానికి ముందే పెట్టేస్తే మేలు" అని చెప్పి పోయినాడు.

మా ఇంట్లో ఏ కాగితమూ ఊరికే విప్పరు. పెండ్లి పత్రికైనా, స్థలం పత్రమైనా ముందు దేవుని పీట మీదికి పోవల్ల. నాలుగు మూలలా పసుపు కుంకుమ పడల్ల. మా అవ్వ కాలం నుంచీ ఇదే పద్ధతి. బొట్లు పెట్టే పని నాది. నాది పిసినారి చెయ్యి కాదప్పా! పసుపు ముద్దగా తడిపి అద్ది, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెడితే గానీ నాకు పూజ చేసినట్లుండదు. పెట్టినా. టెంకాయ కొట్టినా. ఆ నీళ్లు కాసిని కాగితం మీద చిందినాయి. అదీ శుభమే అనుకున్నా.

మా దేవుని గూడు తూర్పు గోడకు ఉండాది. దాని ముందర అందరం తూర్పు ముఖంగా కూర్చుని ప్లాను చూసినాం. కాగితం పై అంచు దేవుని పక్కకు ఉండాది. దేవుడుండేది తూర్పు. కాబట్టి పై అంచు తూర్పు. ఇందులో అనుమానమేముండాది? నాకైతే రాలేదు.

మొదట అరిచింది అమ్మ.

"ఒరేయ్, వాకిలి యాడ పెట్టినాడ్రా వాడు? కుడిపక్క కదా! దక్షిణం వాకిలి! యముడు చెప్పులిడిసి నేరుగా నడింట్లోకి వస్తాడు కదరా!"

వంగి చూసినా. నిజమే! వంటిల్లు చూస్తే నైరుతిలో ఉండాది. దేవుని గది చూస్తే ఆగ్నేయంలో! పొయ్యి ఉండాల్సిన మూలలో స్వామిని కూర్చోబెట్టినాడు మహానుభావుడు. "శివశివా!" అని చెవులు మూసుకున్నా. మగ్గం గది చూస్తే తూర్పుకు. నాయన ముఖం వాడిపోయింది. "పొద్దుటెండ పట్టు మీద పడితే రంగు నిలుస్తాదా?" అన్నాడు.

మా ఆవిడ సుభద్ర గడపలో నిలబడి చూస్తాంది. "అంత చదివినోడు ఒక్కటంటే ఒక్కటన్నా సరిగా పెట్టకుండా పోతాడా? తెలియనోడు గీసినా ఒకటో రెండో కుదురుతాయి కదా?" అనింది.

"నీకు శాస్త్రం తెలీదు, ఊరుకో" అన్నా. నాకు తెలిసినట్ల!

ఎర్ర పెన్సిలు తీసుకున్నా. వాకిలిని పై అంచుకు ఎక్కించినా. దేవుణ్ణి ఎడమకు జరిపినా, పొయ్యిని కుడి పై మూలకు తోసినా, నాయన మగ్గాన్ని జాగ్రత్తగా ఎడమ గోడకు చేర్చి, "ఇదిగో నాయనా, నీ ఉత్తరం కిటికీ" అని చూపించినా. నాయన నా తల మీద చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు నాకు.

ఓబులేసును పిలిపించి, వాస్తు గురించి వీధి వినేట్ల ఉపన్యాసం ఇచ్చినా.

"అన్నా, ఒక్క మాట..." అన్నాడు.

"ఏమీ చెప్పొద్దప్పా! గీతలు నీవి, శాస్త్రం మాది. చెప్పినట్ల గియ్యి."

ముఖం ఎర్రగా చేసుకున్నాడు. "సరే అన్నా. మీ ఇల్లు, మీ ఇష్టం." ప్రింటు తీసే ట్రేసింగు కాగితం మీద పాత గీతలన్నీ బ్లేడుతో గీకేసి, కొత్తగా గీసి, ప్రింటు తీయించి తెచ్చిచ్చినాడు. దానికీ నాలుగు మూలలా బొట్లు పెట్టినా. ఈసారి ఇంకా పెద్దవి.

అర్జీ పెట్టే రోజు వచ్చింది. ఎల్లుండి నుంచి మూఢం. నాకేమో నలుగురి ముందర చేస్తే తప్ప ఏ పనీ చేసినట్లుండదు. "ఆఫీసుకు పోయే ముందు స్థలంలో ముగ్గుపిండితో ఇల్లు గీసి నాయనకు చూపిద్దాం" అని వీధిలోవాళ్లను కూడా వెంటబెట్టుకుని పోయినా. బొరుగులు, బెల్లం పంచినా.

ఓబులేసు టేపు పట్టి ముగ్గు పోసుకుంటా పోతాండాడు. గాలికి సగం గోడలు లేచి కదిరి దిక్కు పోతాండాయి. వాకిలి కాడికి వచ్చి ఆగినాడు. ఆగింది యాడ? ముక్కు పక్కింటి గోడకు తగిలేంత దగ్గర.

"ఏమప్పా, రోడ్డు తూర్పున ఈడుంటే వాకిలి ఆడ పెడతావేమి?"

"మీరు గీసిన చోటే అన్నా."

"నేను తూర్పుకు గీసినా!"

"మీరు గీసింది ఉత్తరానికి."

అంతలో ఆ గోడ పైన తల నిండా సీకాయ రుద్దుకున్న పక్కింటామె కనపడింది. "ఏమన్నా, గృహప్రవేశం మా బచ్చలింట్లోకా? తలంటు పోసుకుంటాండా, రవ్వంతసేపు ఆగండి!"

బొరుగులు తింటాండేవాళ్లందరికీ ఒకేసారి పొలమారింది.

నాయన నవ్వలేదు. ముగ్గులో మగ్గం గది వెతుక్కుంటా పోయి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకున్నట్లే నేల మీద కూర్చున్నాడు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురుగా చూసినాడు.

"ఇది పడమర కదరా. నాకు సాయంత్రపు ఎండ ఇచ్చినావా? మన ఊరి ఎండకు, ఈ వడగాలికి, పోగు పోగూ తెగుతాది కదరా."

మెల్లగా అన్నాడు. చెప్పుతో కొట్టినా బాగుండు.

నేను కాగితాన్ని అటు తిప్పినా, ఇటు తిప్పినా, తలకిందులు చేసినా. సుభద్ర వచ్చి లాక్కుని, పై మూల ఎండిన కుంకుమను గోటితో గీకింది. పొట్టు పొట్టుగా రాలింది. కింద బాణం! చక్కగా పైకి చూస్తాండే బాణం, పక్కన గుండ్రటి అక్షరాలతో 'ఉత్తరం'.

"మొదటి ప్లానులో కూడా ఈ బాణం ఉండిందా?" అని ఓబులేసును అడిగినా.

"ఉండింది అన్నా. వాకిలి తూర్పు, వంటిల్లు ఆగ్నేయం, దేవుడు ఈశాన్యం, పెద్దాయన కిటికీ ఉత్తరం. ఆ మాటే చెప్పబోయినా. చెప్పనిస్తే కదా!"

అంటే నేను దిద్దిన ప్లానులో పొయ్యి ఈశాన్యానికి పోయింది. సాక్షాత్తూ ఈశ్వరుని నెత్తినే మంట పెట్టినా!

"అయితే పాతదే పెట్టేద్దాం పద!"

"బ్లేడుతో గీకేసినా కదన్నా. మళ్లీ గియ్యల్లంటే నాకిప్పుడు కాదు. రేపు గోరంట్లలో మా చెల్లెలి పెండ్లి. మూఢానికి ముందర అదే ఆఖరి ముహూర్తం. బస్సుకు పోతాండా."

ఇంట్లో ఉండే పాత ప్రింటు ఇద్దామా అంటే దాని నిండా పసుపు, ఎర్ర పెన్సిలు, టెంకాయ నీళ్లు. ఆఫీసులో ఇస్తే కళ్లకద్దుకుంటారు గానీ సంతకం పెడతారా?

మూఢం వచ్చేసింది. అది పోయేదాకా మా అమ్మ ఒక ఇటుక కూడా ముట్టనీదు. ఆ సాయంత్రం బాడుగింట్లో కరెంటు పోయింది. నాయన మగ్గం ముందర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "పోనీలేరా, అమ్మవారు తొందరపెట్టదులే" అన్నాడు. ఆ తల్లి తొందరపెట్టదు, నిజమే. ఆయన కళ్లు ఆగుతాయా? నేను దేవుని గూటి ముందర పోయి కూర్చున్నా, ఏమని మొక్కుకోవల్లనో కూడా తోచలేదు.

ఓబులేసు పెండ్లి నుంచి వచ్చి, రోషం చంపుకుని, మొదటి ప్లానే మళ్లీ గీసి నిన్న తెచ్చిచ్చినాడు. మూఢం పోయేదాకా దేవుని కాడ ఉంచుదామని పీట మీద పరిచినా. చెయ్యి అలవాటు కొద్దీ కుంకుమ బరిణె మీదికి పోయింది.

సుభద్ర గబుక్కున బరిణె లాక్కుంది. కాగితం జోలికి పోలేదు. బొటనవేలితో రూపాయి బిళ్లంత కుంకుమ తీసి, నాయన, అమ్మ చూస్తాండంగానే నా నుదుటి మీద గట్టిగా అద్దింది.

"ఈడైతే ఎంత పెద్దదైనా భయం లేదు" అనింది. "కింద కనపడకుండా పోయేదేమీ లేదు."