అడగకుండా మొక్కిన పుంజు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఒక కాగితం పట్టుకొచ్చి తలుపు కొట్టాడు. వెనక వీధిలో ఎవరో మేడ మీద కోళ్లు పెంచుతున్నారట. అందులో ఒక పుంజు తెల్లవారకముందే కూస్తోందట. నిద్రలు పాడవుతున్నాయని అందరూ సంతకాలు పెడుతున్నారట. తిరుపతిలో కొండకు పోయే బస్సుల హారన్లకు చెడని నిద్ర కోడికూతకు చెడుతుందా అని అడగబోయి, ఎందుకొచ్చిన తగువులే అని, కళ్లజోడు కనిపించడం లేదు, రేపు చూస్తానన్నాను. కళ్లజోడు నా నెత్తి మీదే ఉంది. అతను దాని వంక చూసి, నా వంక చూసి, మర్యాదస్తుడు కాబట్టి సరే, రేపే వస్తానని వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లవారుతుండగా బాల్కనీలో నిలబడి విన్నాను. గొంతు ఇంకా కుదరని పడుచు పుంజు. చివరి ముక్క సాగదీయలేక మధ్యలోనే తెంపేస్తోంది. మా అత్త ఉంటే, ఇంకో నెల పోతే కుదురుకుంటాడులే అని ఉండేది.

నేను నగరి దాన్ని. మగ్గాల ఇంట్లో పుట్టాను. కోడి అంటే కూరగా తప్ప వేరేగా తెలియదు. మెట్టినిల్లు తిరుచానూరు దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. మా ఆయన రోజూ పొద్దున బస్సెక్కి తిరుపతికి పనికి పోయేవాడు. ఇంట్లో మిగిలేది నేను, మా అత్త, పెరట్లో ఆమె ఐదు పెట్టలు, ఒక పుంజు. ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. పొలం మగవాళ్లది, ఇల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్లది, కోళ్లు మాత్రం ఆడవాళ్లవి. అదీ ఉమ్మడిగా కాదు, ఎవరివి వాళ్లవే. ఒకే పెరట్లో తిరిగినా అత్త కోడి అత్తదే, కోడలి కోడి కోడలిదే. గుడ్డు తీయాలన్నా, పొదిగేయాలన్నా, చుట్టమొచ్చాడని కోయాలన్నా ఆ మనిషిని అడగాల్సిందే. మొగుడు కూడా అడిగే ముట్టుకుంటాడు. నాకు ఒక్క కోడీ లేదు కాబట్టి ఈ చట్టం నాకు వర్తించదనుకున్నాను. పైగా గుడ్డు పెట్టని పుంజుకు అన్నేసి నూకలు ఎందుకని కూడా ఒకసారి అన్నాను. మా అత్త నవ్వి ఊరుకుంది. తెలియని వాళ్లతో వాదించే అలవాటు ఆమెకు లేదు.

అప్పటికే ఆమె రెండు కళ్లకూ పొరలు కమ్ముకున్నాయి. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనిషి అడ్డం వస్తే నీడలా తెలుస్తుంది, అంతే. ఆపరేషన్ అంటే భయం. వాళ్లక్కకు చేస్తే ఉన్నది కూడా పోయిందని ఆమె బాధ. అయినా పెరటి అరుగు మీద కూర్చుని మొత్తం పెరడును ఏలేది. ఒక పాత కుండలో ఎండిన పేడ, గోనెపీలికలు కుక్కి తడిపి బోర్లిస్తే రెండు రోజులకు చెదలు పడతాయి. దాన్ని తడుముకుంటూ తెచ్చి నేల మీద దులిపేది. ముందు పరుగెత్తుకొచ్చేది పుంజే. వచ్చి తినేది కాదు. ఒక చెదపురుగును ముక్కుతో ఎత్తడం, వదలడం, కొక్కొక్కొక్కమని పెట్టల్ని పిలవడం. పెట్టలూ పిల్లలూ వచ్చి కడుపులు నింపుకునేదాకా అలా ఎత్తి వదులుతూనే ఉండేది. చివరికి దానికి మిగిలేది ఒట్టి పేడ. మొదటిసారి చూసినప్పుడు దానికి ముక్కు నొప్పేమో అనుకున్నాను. రోజూ అంతేనని తెలిశాక చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అసలు ఆశ్చర్యం అది కూడా కాదు. ఒకరోజు మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే పుంజు గొంతులోనుంచి సన్నగా, పొడుగ్గా ఒక కూత వచ్చింది. మా అత్త తల కూడా ఎత్తకుండా చెప్పింది. “గద్ద తిరగతా ఉండాది, సూడు.” చూస్తే నిజమే, చుక్కంత గద్ద, ఎక్కడో ఆకాశంలో. కింద పెట్టలన్నీ నిమ్మచెట్టు కిందికి దూరి రాళ్లలా కదలకుండా ఉన్నాయి. ఇంకోరోజు అదే పుంజు గొంతు పగిలేలా టకటకమని అరిచింది. ఈసారి పెట్టలు దాక్కోలేదు, మెడలు నిక్కించి నిలబడ్డాయి. మా అత్త కట్టె అందుకుని, పిల్లి గానీ ముంగిస గానీ కంచె పక్కన ఉందని చెప్పింది. వెళ్లి చూస్తే ముంగిస. పైన ఉన్నదానికి ఒక కూత, కింద ఉన్నదానికి ఒక కూత. మా నాయన ముందు గదిలో లెక్కలు చూసుకుంటూనే, వెనక గదిలో మగ్గం చప్పుడు విని పోగు తెగిందని చెప్పేవాడు. మనుషులకు అలాంటి విద్య ఉంటుందని తెలుసు. కోడికి ఉంటుందని, దాన్ని చదివే మనిషి ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆమెకు కళ్లు లేవని ఎవరన్నారు? అవి పెరట్లో రెండు కాళ్ల మీద తిరుగుతుండేవి.

ఆ గద్ద ఒకరోజు నిజంగానే దిగింది. పదకొండు పిల్లల తల్లి పెట్ట వాకిట్లో ఎక్కడా చాటు లేని చోట ఉంది. నేను బావి దగ్గర ఉన్నాను. పుంజు మాత్రం పారిపోలేదు. నేల మీద ఆగి కాచుకోనూ లేదు. గద్దకు ఎదురుగా పైకి లేచింది. నా ఎత్తుకు ఎగిరి గాలిలోనే దాన్ని కాళ్లతో తన్నింది. రెండూ కలిసి కింద పడ్డాయి, ఈకలూ దుమ్మూ లేచాయి. గద్ద ఎలాగో విడిపించుకుని ఉత్త కాళ్లతో పోయింది. పుంజుకు తల మీది ఎర్ర జుట్టు సగం చీలింది, వీపు మీద రక్తం. మా అత్త తడుముకుంటూ వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపూ ఆముదమూ పూసింది. పిల్లల్ని నన్ను లెక్కపెట్టమంది. పదకొండూ ఉన్నాయి. మర్నాడు తెల్లవారగానే అది మళ్లీ కూసింది. అప్పటినుంచి నూకల గురించి నేను మాట్లాడలేదు.

ఆ చలికాలంలో మా అత్తను బతిమాలి ఆపరేషన్‌కు ఒప్పించాం. చాలా ఆలస్యం చేశారు, చూపు వస్తుందని గట్టిగా చెప్పలేనన్నాడు డాక్టరు. ఆమెను లోపలికి తీసుకెళ్లాక బయట బల్ల మీద కూర్చుని ఆ తలుపు వంకే చూస్తున్నాను. ఒప్పించింది నేను. వాళ్లక్కకు అయినట్టే అయితే ఆ వెలుగూ చీకటీ కూడా నేనే లాక్కున్నదాన్నవుతాను. గంగమ్మకు ఏదైనా మొక్కుకోవాలి. మా ఇంట్లో అన్నిటికంటే గొప్పది ఏదని మనసు వెతికితే పుంజు తగిలింది. తల్లీ, మా అత్తకు చూపు ఇస్తే జాతరకు మా పుంజును నీకిస్తానన్నాను. మా పుంజు అన్నాను. ఎవరి పుంజో ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

చూపు వచ్చింది. కట్లు విప్పి ఇంటికి తీసుకొస్తే కొడుకు మొహం చూసింది, నా మొహం చూసి పెళ్లినాటికన్నా బాగా నల్లబడ్డావంది, నేరుగా పెరట్లోకి నడిచింది. ఆ పుంజు గుడ్డులోనుంచి బయటికి వచ్చేనాటికే ఆమె కళ్లు పోయాయి. చేతులతో పెంచిందే గానీ ఎప్పుడూ చూడలేదు. నిమ్మచెట్టు పక్కన ఎండలో నిలబడి ఉంది అది. మెడ కాలుతున్న నిప్పులా, తోక నల్లగా నిగనిగలాడుతూ, ఎండ పడిన చోట పచ్చగా మెరుస్తూ ఉంది. చీలిన జుట్టు ఒక పక్కకు వాలి ఉంది. మా అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చివరికి, “వీడింత ఎర్రగా ఉంటాడని నాకెవురూ చెప్పలేదే” అంది. మొక్కు సంగతి ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాడూ చెప్పలేకపోయాను.

అలా నాలుగు నెలలు దాచాను. రోజూ పొద్దున ఆమె అరుగు మీద కూర్చుని పుంజునే చూస్తుండేది. మాట తప్పితే ఇచ్చిన చూపు వెనక్కి పోతుందేమోనని ఒక పక్క భయం. చెబితే ఈమె మొహం ఎలా చూడాలని ఇంకో పక్క. నాకు అన్నం సహించడం మానేసింది. జాతర చాటింపు వినబడిన సాయంత్రం ఇక ఆగలేక, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. వినేటప్పుడు ఆమె పుంజు వైపే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

“వాడు ఎవురి కోడి?”

“నీదే అత్తా.”

“నన్ను అడిగే మొక్కినావా?”

లేదన్నాను. అయితే ఆ మొక్కు చెల్లదంది. ఒకరి కోడిని ఇంకొకరు మొక్కితే ఏ దేవతా తీసుకోదట. పక్కింటి పొలం రాసిచ్చినట్టేనట. నాకు ప్రాణం లేచొచ్చింది. పద్ధతి ఆమెదే, తీర్పూ ఆమెదే, ఇంకేం కావాలి! కన్నీళ్లతోనే నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. నా నెత్తి మీద చెయ్యి వేసింది.

“నువ్విస్తే చెల్లదు అమ్మీ. కండ్లు నాకొచ్చినాయి. కోడి నాది. నేనిస్తాను.”

వద్దని ఎంతో చెప్పాను. వేరే పుంజును కొని ఇద్దామన్నాను. మా ఆయన కూడా అదే అన్నాడు. మంచిది ఉంచుకుని చెడ్డది ఇస్తే ఇచ్చినట్టా అని ఒక్క మాట అని ఊరుకుంది. జాతర రోజు పొద్దున అంబలి కాచింది. పుంజుకు పసుపునీళ్లు పోసి, చీలిన జుట్టుకు కుంకుమ పెట్టింది. మోస్తామన్నా ఎవరికీ ఇవ్వలేదు. చంకలో పెట్టుకుని గుడి దాకా తానే నడిచింది. ఏళ్ల తర్వాత కళ్లతో ఆ దారి చూసుకుంటూ, తూలకుండా, ఎవరినీ పట్టుకోకుండా. వాడు కూడా పెనుగులాడలేదు. ఆ చెయ్యి వాడికి తెలుసు. నేను వెనకాల అంబలి కుండతో ఏడుస్తూ నడిచాను. ఆ మధ్యాహ్నం వచ్చిన చుట్టాలందరికీ ఆమే వండి వడ్డించింది. తాను అంబలి తాగి లేచింది.

తర్వాత నెల తిరగకుండా గద్ద రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది. మా అత్త అప్పుడు అరుగు మీదే ఉంది, కళ్లు తెరుచుకునే ఉంది, అటు చూస్తుంటే ఇటునుంచి వచ్చిందట. కళ్లున్న మనిషికి ఒక దిక్కే కనబడుతుందని చెప్పింది, ఫిర్యాదుగా కాదు, కొత్తగా తెలిసిన సంగతి చెప్పినట్టు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. సూదిలో దారం తానే ఎక్కించుకునేది. వాడి గురించి బాధపడినట్టు ఒక్క మాట నేను వినలేదు, ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. చెల్లదని తానే తీర్పు చెప్పి, తప్పించుకునే దారి తానే తెరిచి, ఆ దారిన పోకుండా నిలబడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమెకు కంటి ఆపరేషన్ అయిన వయసు ఈ ఏడు నాకు వచ్చింది. కాలం నన్ను ఆమె వయసు దాకా తీసుకొచ్చింది గానీ, ఆమె దాకా ఇంకా తీసుకురాలేదు.